కోపాల బుట్ట

కోడలు ఆ సాయంత్రం వచ్చిన తీరు చూస్తే గుమ్మమే పక్కకు తప్పుకునేట్టుంది. ఒక చెప్పు మెట్టు మీద, రెండోది ఎక్కడో పంపు దగ్గర. భుజం మీది సంచీ కుర్చీలో పడాల్సింది కుర్చీ కింద పడింది.

అత్తగారు ఏమైందని అడగలేదు. ఆ ఇంట్లో అడగరు. మూలనున్న బుట్టను కాలితో ముందుకు జరిపి, పక్కన సగం బ్లేడు పెట్టి, తన పని తాను చూసుకుంది.

ఆ బుట్ట సంగతి ఏమిటంటే, మామగారు దర్జీ. ముందుగదే కొట్టు. బిగించాల్సినవి, వదులు చేయాల్సినవి, తిరగేసి కుట్టాల్సినవి, ఇలా వచ్చే పాత బట్టలన్నిటికీ ముందు కుట్లు ఊడదీయాలి. ఆ విసుగు పని ఎవరికీ పట్టదు. కొత్త కాపురంలో ఒకరోజు అత్తగారు మొగుడి మీద అలిగి, మాట్లాడడం ఇష్టం లేక వరుసగా ఆరు చొక్కాలు ఊడదీసిందట. లేచేసరికి ఎందుకు అలిగిందో గుర్తు లేదు. అప్పటినుంచీ అదే ఇంటి పద్ధతి. ఎవరు మండిపడుతూ వచ్చినా, ముందు ఒక బట్ట ఊడదీయాలి. నోరు విప్పేది ఆ తర్వాతే. కోడలు మొదట్లో నవ్వుకుంది గానీ, ఇప్పుడు బస్సు పాసుల కౌంటరులో రోజు చెడిందంటే ఆమె చేతులు దారిలోనే బ్లేడు కోసం వెతుక్కుంటాయి.

ఆ రోజు మామూలుగా చెడలేదు. పొద్దున్నే కంప్యూటరు పడుకుంది. బయట వరుస వీధి మలుపు దాకా పాకింది. ఒకాయన ఫారం ఉండచుట్టి ఆమె ముఖాన కొట్టాడు. అదంతా అయ్యాక పైఅధికారి వచ్చి, వరుస అంత పొడుగు ఎందుకైందో రాసి ఇమ్మన్నాడు. ఆమెనే.

చేతికి ఏది తగిలితే అది లాగింది. లోపలివైపు తిరగేసి ఉన్న మందపాటి కోటు. చూడలేదు. బుట్టలో ఉన్నదంటే ఊడదీయాల్సిందే, అందులో చూసేదేముంది? చంక దగ్గర బ్లేడు పెట్టి లాగితే కుట్లు టకటకా తెగాయి. ఒక చెయ్యి ఊడితే ఫారం విసిరినాయన పోయాడు. రెండో చేతితో పైఅధికారి పోయాడు. వీపు, పక్కలు, మెడపట్టీ ఊడేసరికి ఆమెకు ఊపిరి ఆడింది.

"కాస్త తగ్గిందా?" అంది అత్తగారు.

"తగ్గింది అత్తయ్యా. ఆ కంప్యూటరుకు కూడా కుట్లుంటే బాగుండేది."

ఇద్దరూ నవ్వారు. అప్పుడే ఒక గుండీ తెగి, నేల మీద దొర్లి, అత్తగారి కాలి దగ్గర ఆగింది. ఇత్తడి గుండీ, అంచున చిన్న నొక్కుంది.

అత్తగారి నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ గుండీ ఇద్దరికీ తెలుసు. బడిలో ముప్పై ఏళ్లు గంట కొట్టినాయన తన పాత యూనిఫాం గుండీలు తెచ్చి, కొత్త కోటుకు అవే వేయమని మరీ మరీ చెప్పి వెళ్లాడు. రేపు ఆయనకు ఉద్యోగంలో ఆఖరి రోజు. పది గంటలకు సభ. జన్మలో కుట్టించుకున్న మొదటి కోటు.

అది ఇప్పుడు కోడలి ఒళ్లో తొమ్మిది ముక్కలుగా ఉంది.

"కొత్త బట్ట బుట్టలోకి ఎలా వచ్చింది అత్తయ్యా?"

"నేను వేయలేదే తల్లీ. నా మీద ఒట్టు." అత్తగారు గొంతు తగ్గించింది. "మీ మామయ్యకు ఏమని చెబుతాం?"

ఏ ముక్క ఎక్కడిదో తెలుసుకుంటేనన్నా మేలని కోడలు వాటిని దీపం కింద పరిచింది. పరిచాక కదల్లేకపోయింది. మామగారి కుట్టంటే గీత గీసినట్టుంటుందని ఊరంతా అంటారు. ఈ బట్ట మీద సూది వేసిన చిల్లులు తాగినవాడి నడకలా అటూ ఇటూ పోయాయి. ఒకచోట బట్ట అంచు దాటి బయటికే పోయాయి. జేబు మూతి లైనింగుతో కలిసి మూసుకుపోయింది.

"మొత్తం ఊడదీశావా అమ్మాయ్?"

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. ఆయన తిట్టకపోవడానికే ఎక్కువ భయం వేసింది.

"మామయ్యా, తెలియక..."

"నీకు తెలియదులే. నేనే వేశాను, మధ్యాహ్నం. ఇవాళ నీ కౌంటరు దగ్గర గొడవగా ఉందని కొట్టుకు వచ్చినవాళ్లు చెప్పారు. కుట్టు పాడైంది. ఎటూ కోపంగా వస్తావు కదా, నువ్వు ఊడదీస్తే మళ్లీ కుట్టొచ్చని."

అత్తగారు వంగి గుండీ ఏరుకుంది.

"చుట్టూ అంతా కనిపిస్తుంది," అన్నాడాయన నెమ్మదిగా. "చూసిన చోటే మసక. సూది ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఏమీ ఉండదు."

"సూదిలో దారం ఎక్కించమంటుంటే బద్ధకం అనుకున్నాను," అంది అత్తగారు. "పక్కనే కూర్చున్నదాన్ని, నాకు చెప్పొద్దా అండీ?"

"నీకు చెబితే ఏడుస్తావు. అమ్మాయైతే ఊడదీస్తుంది."

కోడలికి అప్పుడు ఇంకొకటి తట్టింది. తట్టగానే అడగబుద్ధి కాలేదు. అయినా అడిగింది. "పోయిన వారం నీలం చొక్కా?"

"అదీ కొత్తదే."

"అంతకు ముందు ఆ ప్యాంటు?"

"రెండుసార్లు వేశాను. నువ్వు చూసుకోలేదు. నాలుగు నెలలుగా ఇదే వరస."

నాలుగు నెలలుగా హాయిగా ఉందనుకుంటూ తాను తెంపినవన్నీ ఆయన పగలంతా కళ్లు చించుకుని కుట్టినవే.

అత్తగారు లేచి ముందుగది దీపం వేసింది. "ఏడ్పులు తర్వాత. రేపు పదింటికి ఆ మనిషి చొక్కాతో వెళ్లాలా సభకు?"

కోడలు మిషను ముందు కూర్చుంది. జాకెట్లు కుట్టిన చెయ్యే గానీ కోటు ఎరగదు. మామగారు పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆమె కుట్టిన ప్రతి కుట్టు మీదా బొటనవేలు నడిపించి, "ఇక్కడ ఒక్క నూలు పక్కకు పోయింది, ఊడదీయి," అన్నాడు. చూస్తే నిజంగానే ఒక్క నూలు. కళ్లున్న ఆమెకు కనిపించలేదు. తెల్లవారుజాముకు గుండీలు పడ్డాయి.

పొద్దున్న గంట కొట్టే ఆయన వచ్చి తొడుక్కున్నాడు. మామగారు ఆయన భుజాల మీద చెయ్యి వేసి, కుట్టు వెంట వేలు పోనిచ్చి, నొక్కున్న గుండీ దగ్గర ఆపాడు.

"చెయ్యంటే నీదేనయ్యా," అన్నాడు గంట కొట్టే ఆయన, అద్దం ముందు ఇటూ అటూ తిరుగుతూ.

"నాది కాదు. నాకు కళ్లు పోతున్నాయి. మా అమ్మాయి కుట్టింది."

గంట కొట్టే ఆయన తిరగడం ఆపాడు. కోడలు సంచీ తీసుకుని, మామగారి చెయ్యి పట్టుకుంది.

"చెప్పులేసుకోండి మామయ్యా. కౌంటరుకు సెలవు చెప్పాను. కంటి డాక్టరు దగ్గర మన వంతు తొమ్మిదిన్నరకు."