నంబరు రెండు వందల పదిహేడు

మునివెంకటప్ప ఈ సంగతిని తన అంగట్లో కూర్చుని తానే చెప్పుకొని నవ్వుతాడు కాబట్టి, మనం నవ్వినా తప్పులేదు.

బాగేపల్లి పురసభ ఎన్నికల్లో ఆయన వార్డును మహిళలకు కేటాయించారు. బోరుమోటార్లు అమ్ముకుంటూ పదేళ్లుగా మెంబరు కావాలని కలలుగన్న మనిషి ఊరుకుంటాడా? భార్య సుజాతమ్మ చేత నామినేషన్ వేయించాడు. కరపత్రంలో ఆమె ఫొటో బొట్టుబిళ్లంత, ఈయనది పళ్లెమంత! దండలన్నీ ఈయన మెడలోకే.

ఇక పోలింగ్ నాడు ఆయన హడావుడి చూడాలి. "నూటికి నూరు ఓట్లు పడాల! ఇంట్లో కూర్చునేవాళ్లు మనుషులే కాదప్పా!" అని వీధివీధికీ ఉపన్యాసం. తొండేభావిలో కూతురింట ఉన్న అక్కయమ్మను కారు పంపి రప్పించాడు. కాలు విరిగిన ఆంజనేయప్పను కుర్చీతో సహా మోయించాడు. ఓటేసినవాళ్ల పేర్ల పక్కన బూత్ ఏజెంటు గిరీశ్ ఎర్ర టిక్కులు పెడుతూ పోయాడు.

మధ్యలో సుజాతమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. "నేనెప్పుడు రావాలప్పా?"

"నువ్వొచ్చి ఏం చేస్తావు? నేనుండా కదా! ఎనబై మంది ఆకలితో పని చేస్తాండారు. చిత్రాన్నం చూసుకో, అడుగంటుతాది!"

లెక్కింపు రోజు సుజాతమ్మకు నాలుగు వందల పన్నెండు, పోటీదారు ప్రేమకూ నాలుగు వందల పన్నెండు. చీటీ తీశారు. ప్రేమ పేరొచ్చింది.

మునివెంకటప్ప భగ్గుమన్నాడు. "ఒక్క ఓటు! ఇంకొక్కటి పడింటే గెలిచేవాళ్లం. ఇంట్లో కూర్చున్న ఆ సోంబేరి ఎవరు? లిస్టు తీ గిరీశా, అందరి ముందరా చదువు!"

టిక్కు లేనివాళ్లలో ముగ్గురు చనిపోయారు, ఆరుగురు బెంగళూరులో ఉన్నారు. చివరి పేరు దగ్గర గిరీశ్ గొంతు తగ్గించేశాడు.

"గట్టిగా చదువబ్బా!"

"నంబరు రెండు వందల పదిహేడు. సుజాతమ్మ. భర్త మునివెంకటప్ప."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు.

ఇంటికొస్తే, గెలుస్తామన్న నమ్మకంతో వండిన చిత్రాన్నం డబరా నిండా ఉంది. సుజాతమ్మ వేళ్లు పసుపుతో పచ్చగా ఉన్నాయి. ఏ వేలి మీదా సిరా చుక్క లేదు. ఇన్ని రోజులూ ఆ చేతి అన్నం తింటూ కూడా తాను చూడలేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఓటెయ్యాలని నువ్వన్నా గుర్తు చెయ్యొద్దా?" అన్నాడు నీరసంగా.

"మూడుసార్లు అడిగితి. అడుగంటుతాదంటివి." ఆమె పళ్లెం ముందుకు జరిపింది. "తినప్పా. ఆ పొద్దు నా ఓటు దీంట్లోనే ఉడికిపోయె."

అంగట్లో ఈ కథ చెప్పేటప్పుడు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి మునివెంకటప్ప నవ్వు ఆపేస్తాడు.