తెల్లబడిన నల్లబల్ల

నేను ఒక నల్లబల్లను. ఇప్పుడు తెల్లగా ఉన్నాను, అందులోనూ సగమే మిగిలాను. అయినా ఎవరైనా పేరడిగితే నల్లబల్లననే చెబుతాను. ఈ వయసులో పేరు మార్చుకుంటే, పాతవాళ్లు ఎదురైనప్పుడు గుర్తుపట్టరేమోనని నా భయం.

పుట్టింది ఏలూరులో, ఒక వడ్రంగి కొట్టులో. నాలుగు టేకు పలకలు అతికించి, చిత్రిక పట్టి, నల్లరంగు పూసి, పై అంచున ఎడమవైపు 'హాజరు' అనీ, కుడివైపు 'గైర్హాజరు' అనీ తెల్లరంగుతో రాశారు. నా ఒంటిమీద చెరగని రాత అదొక్కటే. తక్కినదంతా గంటకోసారి తుడుచుకుపోయేదే. ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు గోడనానుకుని బతికాను. పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ వచ్చేవారు, నూనూగు మీసాలు తడుముకుంటూ వెళ్లిపోయేవారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. చివరి గంట కొట్టాక బల్లవైపు చూసే పిల్లవాణ్ణి దేవుడింకా పుట్టించలేదు. వరికోతల రోజుల్లో గైర్హాజరు కింద అంకె పెరిగేది. అందులో కొందరు కోతలయ్యాక కూడా వచ్చేవారు కాదు. మాస్టారు ఆ అంకెను డస్టరుతో తుడిచేసి పాఠం మొదలుపెట్టేవారు. నాకు మాత్రం ఆ పూటంతా ఎవరెవరా అని లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయేది.

తర్వాత బడికి మెరిసే తెర ఒకటి వచ్చింది. నన్ను పాతసామాన్ల కొట్టుకు పంపారు. అక్కడ విరిగిన కుర్చీల మధ్య పడి ఉండగా వీర్రాజు కొన్నాడు. చదువుమీద ప్రేమతో కాదు. అతనిది తేనెటీగల పెంపకం. పూలు ఎక్కడ పూస్తే అక్కడికి పెట్టెల్ని వ్యానులో వేసుకుని, తల్లినీ భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని పోతుంటాడు. రెండు పెట్టెల మూతలు పగిలాయట. నన్ను తట్టి చూసి, "టేకు! మూతలకి బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు. మనుషులు మెచ్చుకోగానే పొంగిపోకూడదని ఆరోజే తెలిసింది. ముందు చేతిలో రంపముందేమో చూసుకోవాలి.

ఈ బల్ల తన చదువుకి కావాలని అడ్డుపడింది అతని కూతురు తనూజ. పదో తరగతి అప్పుడే పాసైంది. వీర్రాజు ఆమెను విజయవాడలో హాస్టలున్న కాలేజీలో చేర్చాలనుకుంటున్నాడు. ఆమేమో పెట్టెల వెంటే ఉండి, ఇంట్లో చదువుకుని, ఓపెన్ స్కూల్లో ఇంటర్ పరీక్షలు రాస్తానంటోంది.

"వ్యానులో తిరుగుతూ ఇంటరేంటే? ఊళ్లోవాళ్లు నవ్విపోతారు."

"నవ్వే లోపల మనం ఊరు దాటేస్తాంగా నాన్నా."

జవాబు దొరకని తండ్రులు గడువు పెడతారు. "సరే. ఇప్పుడు పెట్టెలు దించిన ఈ కొబ్బరితోటలోంచి లేచేలోపు చదువెలా నడుస్తుందో చూపించు. నడవలేదా, నువ్వు హాస్టలుకి, బల్ల రంపం కిందికి."

అలా ఆ పిల్ల రాతా నా రాతా ఒకటైపోయాయి.

ప్రణాళిక వేసే పెత్తనం వీర్రాజు తల్లి పేరంటాలమ్మ తీసుకుంది. బడి గడప తొక్కకుండా, పకోడీ పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్న మనిషి. మనవరాలు దూరమవుతుందని ఆవిడకు బెంగ. "హాస్టల్లో ఏం చేస్తారో అదే ఇక్కడ చేస్తే వాడింకేమంటాడే?" అని, ఉదయం అయిదుకు లేవడం మొదలుకుని రాత్రి పది దాకా నా ఒళ్లంతా నింపించింది.

"మామ్మా, మంచినీళ్లకి కూడా టైమా?"

"రాయవే. మీ నాన్నకి ఖాళీ కనబడకూడదు."

పాఠం చెప్పాల్సింది తనూజ తల్లి సత్యవతి. డిగ్రీ చదివింది. పెట్టెలు చూసుకుంటూనే చెప్పొచ్చని నన్ను పెట్టెల పక్కనే కొబ్బరిచెట్టుకు ఆనించారు.

తేనెటీగల దగ్గరికి నల్లబట్టలతో పోకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నలుపు కనిపిస్తే ఎలుగుబంటి వచ్చిందనుకుని మీదపడతాయట. పేరంటాలమ్మ ఆ చాయలకి నల్ల గొడుగైనా రానివ్వదు. అలాంటివాళ్లకి, నల్లబల్ల నల్లగా ఉంటుందని తట్టలేదు! సత్యవతి ఒక మూల తుడిచి మొదటి లెక్క సగం వేసిందో లేదో, ఈగలు జుమ్మని లేచాయి. నన్ను కుట్టి కుట్టి వాటికే విసుగొచ్చింది. దాంతో మనుషుల మీదికి తిరిగాయి. ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాతో వీర్రాజు పరుగెత్తుకొచ్చేసరికి పేరంటాలమ్మ పైపెదవి బూరెలా పొంగింది.

"ఈగలకే నచ్చలేదు ఈ చదువు. సోమవారం విజయవాడ వెళ్తున్నాం" అన్నాడు.

"అది వెళ్లిపోతే నాకు ముద్ద దిగదురా!"

"ఆ పెదవితో ఎలాగూ దిగదులే అమ్మా."

అందరూ నవ్వారు. తనూజ నవ్వలేదు. మర్నాడు పెట్టెలకు వేయగా మిగిలిన తెల్లరంగు తెచ్చి నాకు పూయడం మొదలుపెట్టింది. కుంచె తగిలినప్పుడల్లా నాలో ఏదో నన్నొదిలి పోతున్నట్టే ఉంది. మామ్మగారి అయిదుగంటలు పోయాయి, మంచినీళ్లూ పోయాయి. హాజరు, గైర్హాజరు మాత్రం రంగు కింద నుంచి ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉన్నాయి. ఆరిన తర్వాత ఆ పిల్ల బొగ్గుముక్క తీసుకుని కుడివైపు రాసింది. వారాలు రాయలేదు, గంటలూ రాయలేదు. పువ్వులు రాసింది, వాటి పక్కన పాఠాలు.

ఆదివారం వీర్రాజు నా ముందు నిలబడ్డాడు. చేతిలో రంపం ఉంది.

"వానలు, లెక్కలు. ఇదేంటి?"

"వానల్లో పూతుండదు, ఈగలకి పంచదార పాకం పోసి కూర్చుంటాం. అమ్మకి తీరిక. కష్టమైనవన్నీ అప్పుడే."

"నన్నడక్కుండానే నాకు ఉద్యోగం వేశారన్నమాట" అంది సత్యవతి.

"ధనియాల పూత, ఇంగ్లీషు?"

"అప్పుడు ఈగలు వాటి పని అవే చూసుకుంటాయి. నేనూ నా అంతట నేను చదువుకునేది పెట్టుకున్నా. తేనె తీసే రోజుల్లో పుస్తకం ముట్టను, నీతో తేనె పిండే డ్రమ్ము తిప్పుతా. నువ్వుల పూత అయ్యాక పరీక్షలు."

వీర్రాజు చాలాసేపు చదివాడు. పుస్తకాల్లో ఎన్నడూ దొరకని అతని సంవత్సరం అక్కడ ఉంది. ఊరి పేరు లేకపోయినా ఏ పువ్వు ఏ ఊరో అతనికి తెలుసు. చివరికి నా అంచు తట్టి, "ఎడమపక్క ఖాళీయేగా?" అన్నాడు.

"ఖాళీయే నాన్నా."

నన్ను అడ్డంగా పడుకోబెట్టి, నడిమికి గీత గీసి, రంపం పెట్టాడు. కోస్తూ కోస్తూ, తలెత్తకుండా భార్యతో అన్నాడు: "ఆ హాస్టలు వాళ్లకి ఫోన్ చేసి, రావట్లేదని చెప్పెయ్."

పేరంటాలమ్మ వాచిన పెదవితోనే నవ్వింది. రంపం కింద ఉన్నదాన్ని గనక నేను వెంటనే నవ్వలేకపోయాను.

'హాజరు' ఉన్న సగం మూతలైపోయింది. ఎక్కడ ఆగినా, పెట్టెలు దించగానే ముందు దానికోసమే వెతుకుతాను. వీర్రాజు 'హాజరు' రాసున్న మూత ఎత్తినప్పుడల్లా "ఏమ్మా, అందరూ హాజరేనా?" అని ఈగల్ని పలకరిస్తాడు. 'గైర్హాజరు' నా దగ్గరే ఉండిపోయింది. దాని కింద పేరంటాలమ్మ చదువున్న ప్రతిరోజూ పొద్దున్నే, తనూజ పుస్తకం తెరిచేదాకా కనిపెట్టుకుని ఉండి, బొగ్గుతో ఒక సున్నా చుడుతుంది. తుడవదు. నిన్నటి సున్నా మీదే మళ్లీ దిద్దుతుంది.