చెంచాలు చూసే దిక్కు

పొద్దున్నే వంటింట్లోకి రాగానే కోడలు చేసే మొదటి పని చెంచాల సొరుగు సర్దడం. రాత్రి ఎంత వరసగా పెట్టినా, తెల్లారేసరికి అవన్నీ కొండ కింది స్టీలు మిల్లు వైపు మొహాలు తిప్పుకుని పడుకుని ఉండేవి. ఆ మిల్లులో కరిగి పుట్టిన స్టీలు ఏదైనా అంతే. దర్జీ తన కత్తెరని తాడేసి బల్లకి కట్టేసుకునేవాడు. తలుపులు వాటంతటవే మిల్లు వైపుకి తెరుచుకుంటాయని తెలిసి, ఇల్లు కట్టించేవాళ్ళు ముందే గట్టి గడియలు పెట్టించుకునేవాళ్ళు. ఇదొక వింతని ఎవరూ అనుకోలేదు. ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో దాని గురించి మాట్లాడుకుంటామా?

మామగారి కాలిలోనూ ఆ స్టీలే ఉంది. వయసంతా మిల్లులో పెద్ద కొలిమి దగ్గరే గడిపిన మనిషి. ఓసారి మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగితే, డాక్టరు లోపల కడ్డీ వేశాడు. అప్పట్నించీ ఆయన కుడికాలు మిల్లు వైపుకి చాపుకుంటేనే నిద్రపట్టేది. అందుకని ఆయన మంచం గదిలో ఐమూలగా వేశారు. దానికి తగిలి కోడలు రోజుకోసారైనా మోకాలు కొట్టుకునేది.

ఓడల్లో చవక స్టీలు దిగడం మొదలయ్యాక మిల్లు ఆగిపోయింది. బయటి స్టీలు మీద సుంకం వెయ్యాలా వద్దా అన్న గొడవ ఊరిని రెండు ముక్కలు చేసింది. ఆ ఇంటినీ చేసింది, ఎందుకంటే బజారు చివర షెడ్డులో కోడలు బీరువాలు చేయించేది ఆ చవక స్టీలుతోనే.

"మన దేశం బయటికి అమ్మేది గోరంత, కొనేది కొండంత. ఆ లోటంతా ఎవరి నెత్తిన పడిందమ్మాయ్? నాలాంటివాళ్ళ నెత్తిన కాదూ?" అనేవాడు మామగారు కంచం ముందు కూర్చుని.

"సుంకం వేస్తే నా రేకు ధర పెరుగుతుంది మామయ్యా. అప్పుడు బీరువా ఎవరు కొంటారు? నా షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళవి కడుపులు కావా?"

"ఆ రేకుతో చేసిన బీరువాకి ఓ దిక్కంటూ ఉందా? ఎటు పెడితే అటే నిలబడుతుంది."

"బీరువా నిలబడక నడుస్తుందా ఏంటి నాన్నా?" అని నవ్వబోయేవాడు ఆమె భర్త. రేవు నించి సరుకు తెచ్చే లారీ డ్రైవరతను. ఇద్దరూ ఒకేసారి తనవైపు చూసేసరికి గబుక్కున తల దించుకుని తినేవాడు.

రాజధాని నించి కమిటీ వచ్చి టౌన్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. మామగారు లేచి సుంకం కావాలన్నాడు. కోడలు లేచి వద్దంది. ఇద్దరూ నిజమే చెప్పారు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఇంటికొచ్చాక ఆయన "నీ షెడ్డు గడప ఈ జన్మలో తొక్కను" అని ఒక్క మాటన్నాడు, ఆ తర్వాత ఆమెతో మాటలే మానేశాడు. వడ్డించింది తినేవాడు, ఇంకొంచెం పెట్టమని అడిగేవాడు కాదు. ఆయన నాలుగు తిట్లు తిట్టినా ఆమెకి ఇంత బాధ ఉండేది కాదు. చిన్నవయసులో ఈ ఇంటికొచ్చిన తనకి వెల్డింగు నేర్పింది ఆ మనిషే.

చివరికి సుంకం వచ్చింది. ఈలోగా యజమానులు మిల్లుని ముక్కలుగా కోయించి తుక్కు కింద అమ్మేశారు. పెద్ద కొలిమి కూడా ముక్కలై ఓడెక్కింది. సొరుగులో చెంచాలు రోజుకి కాస్త చొప్పున తిరుగుతూ సముద్రం వైపుకి మళ్ళాయి.

మామగారి కాలూ మళ్ళింది. తెల్లారగానే వెళ్ళి రేవు పక్కన ఇసుకలో నిలబడేవాడు. మొదట్లో చెప్పులు మాత్రం తడిసేవి. తర్వాత్తర్వాత మోకాళ్ళ దాకా తడిసి వచ్చేవాడు. కడ్డీ తీసేస్తానని డాక్టరంటే, "నాకు మిగిలింది అదొక్కటే, దాన్ని ఉండనివ్వండి" అన్నాడు. ఏదో ఒక రోజు ఈ మనిషి నీళ్ళలోకి నడుస్తూ నడుస్తూ ఇంక ఆగడని కోడలికి భయం. ఆ భయంతోనే రోజూ సొరుగు సర్దేది.

షెడ్డు పరిస్థితీ బాగాలేదు. సుంకం పడ్డాక బేరాలు సగానికి సగం తగ్గాయి. భర్త లారీలోంచి కొత్త కాయిల్, అంటే చుట్టచుట్టిన స్టీలు రేకు, దించిన సాయంత్రం ఆమె పనివాళ్ళందర్నీ పిలిచి, "ఇదే ఆఖరిది. ఇది అయిపోగానే మూసేద్దాం" అంది. వాళ్ళు చేతులు కడుక్కుని ఇళ్ళకెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న సొరుగు లాగితే చెంచాలు సముద్రం వైపు లేవు. బజారు వైపుకి తిరిగి ఉన్నాయి. ఏంటిదని ఆలోచించేలోపే గదిలో ఖాళీ మంచం కనబడింది. ఆమె రేవు దాకా పరిగెత్తింది. ఇసుకలో ఎవరూ లేరు. నీళ్ళ వైపు చూసి "మామయ్యా!" అని గొంతు చించుకుని అరిచింది. అప్పుడు గుర్తొచ్చాయి చెంచాలు.

ఆయన షెడ్డులో ఉన్నాడు. గడప దాటి లోపలికొచ్చి, కుడికాలు కాయిల్‌కి ఆనించి నిలబడి ఉన్నాడు. చెప్పులు పొడిగా ఉన్నాయి.

"ఇదెక్కడిదమ్మాయ్?"

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. "ఓడలో వచ్చింది మామయ్యా. బయటిదే."

"బయటిది కాదు. మన పెద్ద కొలిమి ఇది. ఎవరెవరి తుక్కో కలిసింది గానీ, మనది ఉంది ఇందులో." రేకుని అరచేత్తో నిమిరాడు. "సుంకం కట్టావా దీనికి?"

"కట్టాను."

ఆయన నవ్వాడు. తను నిలబడి అడిగిన సుంకం వచ్చి వచ్చి తన మిల్లు మీదే పడిందని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఆమె కూడా పక్కన నిలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు మిల్లు కోసం కాదు, ఆ పొడి చెప్పులు చూసి.

కాసేపటికి ఆయన మొహం తుడుచుకున్నాడు. "ఇదయ్యాక మూసేస్తావట. అబ్బాయి చెప్పాడు."

"ఏం చెయ్యను మామయ్యా? సుంకం కట్టుకుంటూ ఇంకా ఎన్నని తెప్పించను?"

"తిట్టుకుంటూ కడదాం. మూయడానికి మాత్రం వీల్లేదు. మిల్లంతా ఒక్క కాయిల్‌లో పడుతుందా? ఇంకా చాలా రావాలి."

మర్నాడు ఆయన మళ్ళీ రేవుకే బయల్దేరాడు. ఈసారి కొడుకు లారీలో, ఓడలోంచి దించే కాయిల్స్‌లో మనదేదో కాలితో తెలుసుకుని చెప్పడానికి. వెళ్ళేముందు తినడానికి కూర్చుని, కంచం ముందుకి జరిపాడు.

"ఇంకొంచెం పెట్టమ్మాయ్" అన్నాడు.