దొంగ దాచిన కథ

పేజీ మీద వేలు పెట్టిన ప్రతిసారీ రోసిలి ఫోను ఒకే మాట అంటోంది. "చిత్రం." కాస్త కిందికి జరిపితే మళ్లీ "చిత్రం." అది ఆమె రాసిన కథ. ఆ పేజీలో సేతు వరదలో తెడ్డు విరిగిన పడవను చేతులతో తోసుకుంటూ గౌరి దగ్గరికి వస్తాడు. ఫోనుకి మాత్రం అదంతా ఒట్టి బొమ్మ.

పేజీ పైన ఉన్న ప్రకటన మాత్రం బొమ్మ కాదు, అక్షరాలు. దాన్ని ఫోను గడగడా చదివేసింది. "మిత్రులారా, ఈ నెలాఖరుకి మన కథత్తోణి సైట్ మూతపడుతోంది. ఎవరి కథలు వాళ్లు భద్రపరచుకోండి. ఇట్లు, సజీవన్."

"ఎట్లా భద్రపరచుకోవాలిరా నాయనా!" అంది రోసిలి గట్టిగానే. వంటింట్లో చేపలు కడుగుతున్న ఆమె భర్త పౌలోస్ తొంగిచూశాడు.

రోసిలి ఇరింజాలకుడ ఊళ్లో ఒక పెళ్లి గౌన్ల దుకాణంలో ముత్యాలు కుట్టేది. కంటిజబ్బు తల్లివైపు నుంచి వచ్చింది. ముందు పక్కచూపు పోయింది, తర్వాత సూదిబెజ్జం కనిపించడం మానేసింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కొంచెం వెలుతురు మిగిలింది. అదీ మసక. దానితో ఒక్క వాక్యం కూడబలుక్కునేసరికి కళ్లనీళ్లు ధార కట్టి తల పగిలిపోతుంది. అందుకే తెర మీది అక్షరాలను ఫోనే చదివి వినిపించేలా పెట్టుకుంది.

కళ్లు బాగున్న రోజుల్లో 'ఏళాంకడవు' అనే మలయాళం టీవీ సీరియల్ వచ్చేది. అందులో నాయకుడు సేతు, నాయిక గౌరి. సేతు వేషం వేసినవాడికీ నిర్మాతకీ చెడింది. అంతే, సేతును ఓ శుక్రవారం లారీ కింద పడేశారు. రోసిలికి అన్నం సయించలేదు. మర్నాడు భోజనాల వేళ దుకాణం మెట్ల మీద కూర్చుని ఫోనులో టైప్ చేసింది: 'లారీ బ్రేకు పడింది.' సేతు బతికాడు. బతికించాక ఊరికే వదిలెయ్యలేం కదా, వాడికో బతుకు ఇవ్వాలి. అలా పెరుగుతూ పోయిన కథ తొంభై అధ్యాయాలు దాటింది. ముగింపు మాత్రం రాలేదు.

మొదట దాన్ని అందరూ ఉండే పెద్ద కథల యాప్‌లో పెట్టింది. అక్కడ జనం తిరునాళ్లలా ఉంటారు. చదివేవాళ్లకు కొదవ లేదు. కానీ గౌరి ఏడుస్తుంటే మధ్యలో సబ్బు ప్రకటన వచ్చేది. తర్వాతి అధ్యాయం తెరవాలంటే యాప్ నాణేలు కొనమనేది. చివరికి 'ఇది ఒక సీరియల్ పాత్రలపై ఆధారపడిన రచన' అంటూ వాళ్లే తీసేశారు. అప్పుడే ఆమె కథత్తోణికి, అంటే కథల పడవకి, మారింది. ఒట్టపాలంలో మొబైల్ దుకాణం నడిపే సజీవన్ అభిమాన కథల కోసం, అంటే సీరియళ్ల పాత్రలతో అభిమానులు అల్లే కథల కోసం, ఒంటిచేత్తో నడిపే చిన్న సైట్ అది. నలుగురే చదువరులు, కానీ ఆ నలుగురూ చదివి మాట్లాడేవాళ్లు. తూవల్ అనే పేరుతో ఒకామె ప్రతి అధ్యాయం కిందా వ్యాఖ్య రాసేది.

కొన్నాళ్లకు ఎవరో ఆ కథను ఎత్తుకెళ్లారు. సేతును రఫీగా, గౌరిని నిలాగా మార్చి పెద్ద యాప్‌లో పెట్టేశారు. అభిమాన కథ కాదనుకుని యాప్ దాన్ని నెత్తిన పెట్టుకుంది. రోసిలి అగ్గి మీద గుగ్గిలమైంది. యాప్‌కి ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టింది. కథత్తోణిలో అందరికంటే గట్టిగా అరిచి, కథలకు తాళం వెయ్యమంది కూడా ఆమే. సజీవన్ ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి, దాని మీద అడ్డంగా పడవ ముద్ర వేశాడు. ఆ రోజు రోసిలి అతనికి దండాలు పెట్టింది.

ఇప్పుడా తాళం ఆమెకే పడింది. సైట్లోనే నేరుగా టైప్ చేసేది కాబట్టి తన దగ్గర ప్రతి లేదు. బొమ్మలోంచి అక్షరాలు లాగే యాప్‌లతో ప్రయత్నిస్తే, పడవ ముద్ర అడ్డొచ్చి పిచ్చివాడి ప్రేలాపనలా వచ్చింది.

సజీవన్‌కు ఫోన్ చేసింది.

"పాత అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయా తమ్ముడూ?" ఆమెను చేచ్చీ, అంటే అక్కా, అని పిలుస్తాడతను.

"లేవు చేచ్చీ. చోటు చాలక అప్పుడే తుడిచేశాను. నా దుకాణమే మూసేస్తున్నా, ఇక సైట్ ఎక్కడ నడపను? బొమ్మలు కావాలంటే దించి పంపిస్తా."

"బొమ్మలు నేనేం చేసుకోను? గోడకి తగిలించుకోనా?"

తాళం వెయ్యమని అప్పుడు తాను అరిచిన అరుపే రోసిలికి చెవిలో వినిపించింది.

పౌలోస్ తానే చదువుతానన్నాడు. కళ్లజోడు తుడుచుకుని, చర్చిలో పెళ్లి ప్రకటనలు చదివినట్టు మొదలుపెట్టాడు. "సేతు ఆమె... మెడ... ఒసే, ఇదంతా నువ్వే రాశావా?"

"చదువు చేట్టా," అంది మొగుడితో.

"ఇంట్లో నాతో ఇట్లాంటి మాట ఒక్కటీ అనలేదే!"

"నువ్వు సేతువా ఏంటి? చదువు."

రెండు పేజీలకే ఆయన గొంతు పోయింది. ఇలాంటివి పదిహేను వందల పేజీలున్నాయి. ఆమె టైప్ చేసే స్థితిలో లేదు, ఆయనకు టైప్ చెయ్యడం రాదు.

విదేశీయులు నడిపే పెద్ద అభిమాన కథల భండారం ఒకటుందని ఆమెకు తెలుసు. ప్రకటనలుండవు, ఎవరి పాత్రలని ఎవరూ అడగరు, అక్కడి ప్రతి అక్షరాన్నీ ఫోను ముత్యంలా చదువుతుంది. సభ్యత్వానికి పేరిచ్చి వరసలో ఆగాలి. ఇచ్చింది. లోపలంతా ఇంగ్లిష్ బొత్తాలు. మలయాళం కథల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఫరవాలేదనుకుంది. కానీ ఆ భండారంలో పెట్టడానికి చేతిలో ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది దొంగ. ఆ దొంగ కాపీలో అక్షరాలున్నాయి!

రోసిలి పెద్ద యాప్ తెరిచి రఫీ, నిలాల కథ కోసం వెతికింది. ఫోను చదివింది: "ఫిర్యాదు మేరకు ఈ రచన తొలగించబడింది. రచయిత ఖాతా నిలిపివేయబడింది."

అది ఆమె ఫిర్యాదే. ఇన్నేళ్లు పట్టించుకోనివాళ్లు ఇప్పుడు పట్టించుకున్నారు. రోసిలి నేల మీద కూలబడి నెత్తి కొట్టుకుంది. "నా చేత్తోనే చంపుకున్నాను చేట్టా. లారీ నేనే ఎక్కించాను."

పౌలోస్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి ఆమెకు మరో సంగతి తట్టింది. కళ్లు కనిపించే రోజుల్లో తాను చూసిన ఆ దొంగ ఖాతా బొమ్మ ఒక ఈక. తూవల్ అన్నా ఈకే. మళ్లీ సజీవన్‌కు ఫోన్ చేసింది.

"తూవల్ నంబరివ్వు."

"ఒకరి నంబర్ ఇంకొకరికి ఇవ్వకూడదు చేచ్చీ."

"అయితే నా నంబర్ ఆమెకివ్వు. తిట్టనని చెప్పు. కాళ్లు పట్టుకుంటానని చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సన్నటి గొంతు, భయపడుతోంది. పేరు ఫెబినా. తిరూర్‌లో ఉంటుంది. ఇద్దరు పిల్లలు, అత్తగారిల్లు.

"పోలీసు కేసు పెడతారా చేచ్చీ?"

"కథ ఉందా?"

"పెడతారా అని..."

"కథ ఉందా లేదా చెప్పవే పిల్లా!"

"ఉంది. మొత్తం ఉంది."

"మొత్తమా? బొమ్మలైపోయాక కూడానా?"

"బొమ్మలైతే ఏం చేచ్చీ, కళ్లున్నాయిగా. చూసి టైప్ చేసుకున్నా." అనేశాక ఆ పిల్ల కంగారుపడింది. "తప్పే. కానీ మా ఇంట్లో నేను మాట్లాడితే వినేవాళ్లు లేరు. అక్కడ వేలమంది 'తర్వాత ఏమైంది' అని అడిగేవాళ్లు. అలవాటైపోయింది."

"నాకు కళ్లు పోతున్నాయి," అంది రోసిలి.

అవతల ఏడుపు వినిపించింది. సాయంత్రానికల్లా ఫైలు వచ్చింది.

ఫోను చదవడం మొదలుపెట్టింది. సేతు, గౌరి అనే పేర్లు తిరిగి పెట్టి పంపింది ఫెబినా. కొన్నిచోట్ల మరిచిపోయింది, గౌరి ఏడుస్తుంటే రఫీ కన్నీళ్లు తుడిచాడు. రోసిలి నవ్వింది. ముప్పయ్యో అధ్యాయం దాటాక నవ్వు ఆగిపోయింది. రోసిలి రాసిన కథలో క్షమించిన తండ్రిని ఇక్కడ గౌరి క్షమించలేదు.

"ఇది నేను రాయలేదు!" అని ఫోన్ చేసి అరిచింది.

"మార్చాను. అంత దుర్మార్గుణ్ణి ఎట్లా క్షమిస్తారు చేచ్చీ? మీకేమో దయ ఎక్కువ."

"నా గౌరికి దయ ఎక్కువ. తిరిగి పెట్టు."

ఎక్కడెక్కడ మార్చిందో ఆ పిల్లకే సరిగ్గా గుర్తులేదు. అనుమానం వచ్చిన ప్రతిచోటా పౌలోస్ సైట్ తెరిచి, బొమ్మ పేజీ వెతికి, భూతద్దం పెట్టి చదివేవాడు. ఫోను ఒకటి అనేది, ఆయన ఇంకొకటి అనేవాడు. అసలు వాక్యం ఏదో అట్లా తేలేది. సజీవన్ రోజూ కొన్ని బొమ్మలు దించి పంపుతున్నాడు. కానీ వాళ్లు డెబ్బయ్యో అధ్యాయం దగ్గరుండగానే నెల నిండింది. ఒక ఉదయం పౌలోస్ సైట్ తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది. సజీవన్ దించినవి కూడా అక్కడి వరకే.

మిగతా అధ్యాయాలకు ఇక సాక్ష్యం లేదు.

రోసిలి వాటిని మళ్లీ మళ్లీ వింది. ఒకచోట గౌరి అంటుంది: 'నువ్వు బతికున్నావని తెలిసిన రోజు నుంచి నాకు చావంటే భయం పట్టుకుంది.' ఆ వాక్యం దగ్గర ఫోన్ ఆపేసింది. గౌన్ల దుకాణం మెట్లు, టిఫిన్ డబ్బా, మధ్యాహ్నపు ఎండ, అన్నీ గుర్తొచ్చాయి. ఆ మాట రాసిన గుర్తు మాత్రం లేదు.

"ఇది నాదా, నీదా?" అని ఫెబినాను అడిగింది.

"ఒట్టు చేచ్చీ, నాకూ తెలీదు."

రోసిలి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవతల పిల్లలు పోట్లాడుకుంటున్న శబ్దం, వాళ్లను కసురుతున్న అత్తగారి గొంతు. ఫెబినా మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఉంచెయ్," అంది చివరికి రోసిలి. "భండారం వాళ్లు రమ్మన్నారు, అక్కడ పెడదాం. ఎవరూ చదవకపోయినా సరే, ఫోను చదువుతుంది. ముగింపు నేను చెబుతా, నువ్వు టైప్ చెయ్యి. ఒక్క ముక్క మార్చావో..."

"మార్చను చేచ్చీ."

"మారుస్తావు. నాకు తెలుసు. మార్చినప్పుడు కనీసం చెప్పి చావు."