మార్సేయ్ కొండ మీద

ఆరో నెలలో కడుపులోనే బిడ్డ పోయాక కావ్యశ్రీ మాట్లాడటం తగ్గించేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది, వండేది, కాస్త తినేది, అంతే. భర్త శరత్ జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో ఒక బేరింగుల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఎక్కడ ఏది చెడిందో వెతికి సరిచేయడమే అతని ఉద్యోగం. భార్య దిగులుకూ ఏదో ఒక మార్గం ఉండకపోదనుకుని ఫ్రాన్స్‌లోని మార్సేయ్‌కి రైలు టికెట్లు కొన్నాడు.

"సముద్రం జూస్తే మనసు జర తేలికైతది," అన్నాడు.

ఆమె వద్దనలేదు. సరేననీ అనలేదు.

మార్సేయ్ రెండున్నర వేల ఏళ్ల నాటి రేవు. ఒకప్పుడు గ్రీకుల ఓడలు ఆగిన ఒడ్డున పొద్దున్నే చేపలు అమ్ముతున్నారు. వెనక సందుల్లో అల్జీరియా వాళ్లు, కొమొరోస్ వాళ్లు, ఆర్మేనియా వాళ్లు. పుదీనా కట్టలు, ఎండుమిరప రాశులు, పది భాషల బేరాలు. శరత్ ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బిడ్డ సంగతి కావ్య దగ్గర ఎవరూ ఎత్తకూడదని వాళ్లందరినీ కట్టడి చేసింది అతనే. తనూ ఎత్తలేదు.

రెండోరోజు కొండ మీది చర్చికి ఎక్కారు. లోపల పైకప్పు నుంచి చిన్న చిన్న పడవ బొమ్మలు వేలాడుతున్నాయి. గోడల నిండా పాలరాతి పలకలు.

"తుఫాన్లకెల్లి బతికి బయటపడ్డోళ్లు మొక్కు తీర్చుకున్నరట," అన్నాడు శరత్ ఫోనులో చదివి.

"మునిగిపోయినోళ్లకు?"

శరత్ బయటికి దారి తీశాడు.

బయట చలిగాలి కోస్తోంది. బెంచీ మీద కూర్చోగానే శరత్ ఫోను టింగుమంది. చూసి, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు?"

"ఆఫీసు మెయిల్."

ఆమె చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు. ఆ మాత్రం జర్మన్ ఆమెకు వచ్చు. పిల్లల్ని పగటిపూట చూసుకునే కీటా నుంచి వచ్చింది. ఆమెకు మూడో నెలలోనే శరత్ అక్కడ సీటు కోసం దరఖాస్తు పెట్టాడు. సీటు దొరికింది, బిడ్డ పేరూ పుట్టిన తేదీ వారంలోగా పంపండి అని రాశారు.

"రద్దు చెయ్యుడు మర్చిపోయిన," అన్నాడు.

"నువ్వు మర్చిపోగలిగినవ్. నేనొక్కదాన్నే మోస్తున్న అనుకున్న, నిజమే."

"మాట ఎత్తితే ఏడుస్తవని…"

"ఏడ్వనియ్యాల్సింది." ఫోను తిరిగి అతని చేతికిచ్చి అంది: "పేరు అడిగిన్రు కద. రాయి. మీనాక్షి."

శరత్ తలెత్తాడు.

"ఐదో నెలల్నే పెట్టుకున్న. పుట్టినంక నీకు జెప్పాలనుకున్న. తర్వాత నువ్వు అడగలే."

మా పాప మీనాక్షి బతకలేదు, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వండి అని జర్మన్‌లో కొట్టడం మొదలుపెట్టాడు. పేరు దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆపుకోలేకపోయాడు. అతను ఏడవడం కావ్య చూడటం అదే మొదటిసారి. ఆమె ఓదార్చలేదు. లేచి పోనూ లేదు. మెయిల్ వెళ్లేదాకా పక్కనే కూర్చుంది.

ష్వైన్‌ఫర్ట్‌కి తిరిగొచ్చాక ఆదివారం నాడు శరత్ తన తల్లి విజయలక్ష్మికి ఫోన్ చేశాడు. పాప పేరు చెప్పాడు.

"కావ్యకు ఇయ్యి బిడ్డా," అందామె.

కావ్య ఫోను తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఏడుపు వినిపించింది, ఇన్నాళ్లూ వినబడనంత గట్టిగా. శరత్ తలుపు తట్టలేదు. వంటింట్లో నిలబడి, ఆ ఏడుపు ఆగేదాకా విన్నాడు.