పంది ముక్కుకి ఎరుపు

డోర్కస్ ఇన్నేళ్లూ ఎవరెవరో గీసిన బొమ్మల్ని చెక్క దిమ్మల మీద చెక్కిపెట్టింది. ఆ పుస్తకాల మీద ఆమె పేరు ఎక్కడా ఉండదు. చివరికి యజమాని ప్రింగిల్ మనసు కరిగి, విందుకొచ్చిన పంది బొమ్మ ఒకటి సొంతంగా గియ్యమన్నాడు. అది కుదిరితే తర్వాతి పిల్లల పుస్తకమంతా ఆమెదే, అట్ట మీద పేరుతో సహా.

ఆమె ప్రాణం పెట్టి గీసింది. రంగుకో దిమ్మ చొప్పున అన్నీ తనే చెక్కింది.

ఫ్లీట్ వీధి సందులోని అచ్చుకొట్లో ముసలి ఈనాక్ ముందు నల్లగీతలు వేశాడు. "భేష్!" అన్నాడు ప్రింగిల్. పసుపు వేస్తే రొట్టె నోరూరించింది. నీలం వేశాక, అది ఆరేలోగా ప్రింగిల్ కిటికీ దగ్గర టీ తాగడానికి వెళ్లాడు. అప్పుడే డోర్కస్ బొమ్మని సరిగ్గా చూసింది. పంది బొజ్జ మీద నీలిచారల కోటు. ప్రింగిల్ బొజ్జ మీదా అదే. పాపం, ఆమె కావాలని చేసింది కాదు. రోజూ కళ్లెదుట తిరిగే మనిషి చేతిలోకి వచ్చేశాడు, అంతే.

ఇంక మిగిలింది ఎరుపు. అది పడేది పంది ముక్కు మీద. ప్రింగిల్ ముక్కూ ఎర్రదే.

"కొంప మునిగింది పిల్లా," ఈనాక్ గొణిగాడు. "కాగితం కాస్త జరపనా? ఎరుపు పోయి బొమ్మలో గోడ మీద పడుతుంది. తప్పు నాదేనంటాలే."

"బొమ్మ పాడైపోతుంది కదా మామా?"

"బొమ్మ పోతే ఇంకోటి గీస్తావు. అయ్యగారికి కోపమొస్తే?"

డోర్కస్‌కి ఏడుపొచ్చింది. కానీ ఆ పందంటే ఆమెకి పిచ్చి ప్రేమ. "సరిగ్గానే వెయ్యి," అంది.

ఎరుపు పడింది. కాగితం మీద మెడకి రుమాలు కట్టుకుని, ఎర్రముక్కుతో సాక్షాత్తూ ప్రింగిలే విందుకి కూర్చున్నాడు. ప్రింగిల్ టీ వదిలేసి వచ్చి కాగితం అందుకున్నాడు. ఈనాక్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు ప్రింగిల్.

"పందండీ."

"తెలుస్తోంది. ముక్కు సంగతి సరే, రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. ఈ గుండీలేమిటి ఇలా తెల్లగా? నావి అసలు సిసలు ఇత్తడివి!"

"పసుపు దిమ్మ మళ్లీ చెక్కుతానండీ," అంది డోర్కస్. "మరి... నా పుస్తకం?"

"మీదే. అందులో గాడిద ఉందా?"

"ఉందండీ."

"అయితే అప్పుడే గియ్యకండి. ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. మా బావమరిదిని మీకు సరిగ్గా ఎదురుగా కూర్చోబెడతాను."