మూడు నెలల ముందే చెప్పేసిన తేదీ

ముందే ఒప్పేసుకుంటాను. నా వెబ్‌సైట్‌లో ఆ తేదీ ఉన్న గడిలో "అంచనా" అన్న మాట ఫోన్లో కనబడటం లేదని నాకు తెలుసు. తెలిసి కూడా రెండు వారాలు బద్ధకించాను, తర్వాత మర్చిపోయాను. ఇంట్లో మాత్రం "చూసుకోలేదు" అని చెప్పాను.

నేను ఖోన్ కేన్‌లో కంప్యూటర్లు చదువుకుని, బ్యాంకాక్ కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పనిచేస్తాను. ఇల్లంటే లోయి కొండల్లో మా సమ్రాన్ పెద్దమ్మ ఇల్లు. పెద్దమ్మ మేడ మీద మూడు గదులు యాత్రికులకు అద్దెకిస్తుంది. వాళ్ళందరి ప్రశ్నలూ ఒకటే రకం. సొంగ్‌క్రాన్ నీళ్ళు ఎప్పుడు చల్లుకుంటారు, లాయ్ క్రతోంగ్ దీపాలు నీళ్ళలో ఎప్పుడు వదుల్తారు, ఏయే సెలవుల్లో బీరు అమ్మరు. చివరిది అడిగేవాళ్ళే ఎక్కువ. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, దేశంలోని పండగలూ సెలవులూ అన్నీ తేదీలతో ఒక వెబ్‌సైట్‌లో పెట్టేశాను. కొన్ని ఏటా ఒకే తేదీకి వస్తాయి, కొన్ని పున్నమిని బట్టి. లెక్క కట్టేస్తే సరిపోయింది. అన్ని గళ్ళూ నిండాయి. ఒక్కటే మిగిలింది. అది మా ఊరి పండగే.

మా ఫీ తా ఖోన్‌కి కేలండర్‌తో పని లేదు. దయ్యాల ముసుగులు పెట్టుకుని మూడు రోజులు ఊరంతా ఎగిరే ఆ పండగ ఎప్పుడన్నది చావ్ ఫో నోట రావాలి. చావ్ ఫో అంటే ఊరి దేవర పూనే పెద్దాయన. మామూలు రోజుల్లో చింతతోట చూసుకుంటూ ఉంటాడు. ఏడాదికోసారి దేవర వచ్చి ఆయన నోట తేదీ చెప్పిస్తాడు. ఒక ఏడు జూన్ అంటాడు, ఒక ఏడు జులై అంటాడు. ఆ మాట వచ్చేదాకా ఊళ్ళో ఎవరూ నోరు మెదపరు.

ఖాళీ గడి నా కంట్లో నలుసైంది. పాత పదకొండేళ్ళ తేదీలు సంపాదించి, ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, ఈసారి ఎప్పుడు రావచ్చో ఊహించమన్నాను. జూన్ ఇరవై ఎనిమిది అంది. ఫిబ్రవరిలో ఆ తేదీ పెట్టేశాను. పక్కన "అంచనా" అని రాశాను కూడా. కాకపోతే ఫోన్లో ఆ గడి ఇరుకు, ఆ మాట తెర అంచు దాటి బయటికి పోయింది. మార్చి నెలకల్లా పెద్దమ్మ గదులు మూడూ ఆ తేదీకి నిండిపోయాయి. ఆవిడ ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు.

మే నెలలో చావ్ ఫో ఇంట్లో పూజ జరిగింది. పూనకం వచ్చింది. తేదీ వచ్చింది. జూన్ ఇరవై ఎనిమిది.

నిజం చెప్పొద్దూ, ఫోన్లో ఆ వార్త చూసి కుర్చీలోంచి లేచి గంతేశాను. పెద్దమ్మ ఇంటికొచ్చేదాకా నిలిచింది ఆ సంతోషం. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి, రోట్లో పచ్చి బొప్పాయి కోరు వేసి దంచడం మొదలుపెట్టింది. ఇద్దరికి అవసరమైనదానికి నాలుగింతలు దంచింది.

జరిగిందేమిటో విడతలుగా బయటికొచ్చింది. పెద్దమ్మ ఇరవై రెండేళ్ళుగా దేవర సేవకురాలు. తెల్లబట్టలు కట్టుకుని పూజ పనులు చూసే పదిమంది ఆడవాళ్ళలో ఒకతె. పూజ అయ్యాక ఎవరో నా వెబ్‌సైట్ చూపించారు. చావ్ ఫో చెప్పకముందే తేదీ అందులో ఉంది. సమ్రాన్ గదులు ఆ తేదీకే నిండి ఉన్నాయి. ఇంకేం కావాలి? కొందరేమో సమ్రాన్ లోపలి మాట బయటపెట్టిందన్నారు. ఇంకొందరు అంతకంటే దారుణంగా, గదుల కోసం చావ్ ఫోని బతిమాలుకుని ఆ తేదీ చెప్పించిందన్నారు. సేవకురాళ్ళకి పెద్ద అయిన బువాలోయ్ అవ్వ, సంగతి తేలేదాకా పూజ పనుల్లోకి రావద్దని చెప్పేసింది. తేలకపోతే ఈ ఏడు ఊరేగింపులో పెద్దమ్మ చోటు ఖాళీ. ఆ చోటు ఒకసారి పోతే మళ్ళీ రావడం ఉండదు.

నేను అది అంచనా మాత్రమేనని, ఫోన్లో ఆ మాట కనబడదని చూసుకోలేదని, కాకతాళీయంగా కలిసిందని మొదలుపెట్టాను. పెద్దమ్మ రోకలి ఆపింది.

"నీ తేదీ తప్పయినా బాగుండేది ఫాంగూ. నాలుగు తిట్లు తిని ఊరుకునేవాళ్ళం."

మర్నాడు, తప్పు మన్నించమని అడిగేటప్పుడు పట్టుకెళ్ళే ఆచారం ప్రకారం, పళ్ళెంలో ఐదు జతల పువ్వులూ కొవ్వొత్తులూ పెట్టుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఇద్దరం చావ్ ఫో ఇంటికి వెళ్ళాం. ఆయన భోంచేసి చాప మీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. సేవకులు నలుగురైదుగురు ఉన్నారు. బువాలోయ్ అవ్వ తమలపాకు నములుతూ నన్నే చూస్తోంది. పళ్ళెం ఆయన ముందు పెట్టి దణ్ణం పెట్టాం.

ప్రోగ్రామ్ అంటే ఏమిటో పావుగంట వివరించాను. దేవర మనసు ఈ పెట్టెకెలా తెలుస్తుందని అవ్వ అడిగింది. తెలియదని, పాత తేదీలు చూసి ఊహిస్తుందని అన్నాను. ఊహ ఎంతవరకు నిజమవుతుందో అక్కడే పెట్టి చూపించాను. ఒక్కో ఏడాదినీ దాచిపెట్టి, మిగతావి చూసి దాన్ని చెప్పమన్నాను. పదకొండింటిలో కలిసినవి మూడు.

"మూడా," అంది అవ్వ. "సందు చివర లాటరీ టికెట్లమ్మే గుడ్డి థొంగ్‌ముయన్ నయం కదే."

అందరూ నవ్వారు. నా చదువు మీద అంతమంది ఒక్కసారి నవ్వడం అదే మొదలు. సేవకుల్లో ఒకాయన పక్కకి వంగి, పదహారో తారీకు లాటరీకి ఇది పనికొస్తుందా అని నెమ్మదిగా అడిగాడు.

అవ్వ నవ్వలేదు. అంచనా అయితే అంచనా అని రాయాలి కదా, రాయకపోవడమే మోసం అంది. రాశానని, ఫోన్లో కనబడలేదని అన్నాను. కనబడలేదని నీకెప్పుడు తెలిసిందని అడిగింది. అక్కడ "నిన్ననే" అనేస్తే అయిపోయేది. పక్కన పెద్దమ్మ చేతులు జోడించి తలొంచుకుని ఉంది.

"పెట్టిన రోజే తెలిసిందవ్వా. తెలిసే వదిలేశాను. పెద్దమ్మకి మాత్రం ఇదేం తెలీదు."

పెద్దమ్మ తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను. చావ్ ఫో పుల్ల పక్కన పెట్టి, ఆ తేదీ ఎప్పుడు పెట్టావని అడిగాడు. ఫిబ్రవరి పదో తారీకని తెర మీద చూపించాను.

"ఏ తేదీ చెప్పమనీ సమ్రాన్ నన్నడగలేదు. ఫిబ్రవరిలో నాకే తెలీదు," అన్నాడు. "సమ్రాన్‌కెట్టా తెలుస్తుంది?"

అంతే. అంత తేలిక మాట మా ఇద్దరికీ ముందురోజు సాయంత్రం తట్టలేదు. అవ్వ తమలపాకు పక్క దవడకి తోసి, సమ్రాన్ రేపటినుంచి రావచ్చంది. తర్వాత నా సంగతి తేల్చింది. ఆ గడి ఏటా ఖాళీగా ఉండాలి, చావ్ ఫో చెప్పాకే నింపాలి. పండగ మూడు రోజులూ సేవకురాళ్ళు ఇల్లు చూసుకోకూడదు కాబట్టి, ఆ అంచనా చూసి వచ్చేవాళ్ళందరికీ నేనే వండి పెట్టాలి.

ఆరుగురు వచ్చారు. కొరియా నుంచి ఒక జంట, ఇద్దరు జర్మనీ పంతులమ్మలు, బ్యాంకాక్ నుంచి ఒక తండ్రీ కూతురూ. పొద్దున్నే ఒకరికి గంజి, ఒకరికి గుడ్లూ రొట్టే. మధ్యాహ్నం కాల్చిన కోడీ జిగురన్నమూ. పంతులమ్మల్లో ఒకావిడ మాంసం తినదని నాకు ముందు చెప్పలేదు. చేప సాస్ పడని కూర మా పెద్దమ్మ వంటింట్లో వండటం ఎంత కష్టమో వేరే కథ.

ఊరేగింపు మా వీధిలోకి రాదు. డప్పులు వినబడేవి, గంటలు వినబడేవి, నేను గిన్నెలు తోముతుండేదాన్ని. పుట్టిన దగ్గర్నుంచి ఈ పండగ నేను చూడనిది ఈ ఒక్క ఏడే. సాయంత్రాలు అతిథులు ముసుగుల రంగు మొహాలకి అంటించుకుని వచ్చి, మా ఊరి పండగ నాకు ఫోన్లో చూపించేవారు. రెండో రోజు కొరియా అమ్మాయి తీసిన వీడియోలో తెల్లబట్టల ఆడవాళ్ళ వరస కనబడింది. పదిమందీ ఉన్నారు. మూడో చోటులో పెద్దమ్మ నడుస్తోంది, చేతిలో పువ్వుల పళ్ళెం, పక్కకి చూడకుండా. ఆ అమ్మాయిని అడిగి అది నా ఫోన్లోకి పంపించుకున్నాను.

పెద్దమ్మ నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో వారం పట్టింది.

చెప్పింది తప్పయి తిట్లు తిన్నవాళ్ళు ఎలాగూ చాలామంది ఉంటారు. నిజమైనందుకు తిన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కింద రాయండి. ఎవరి చోటు పోబోయింది, ఎవరికి ఎన్ని రోజులు వండిపెట్టారు, అన్నీ రాయండి. తీరిగ్గా చదువుతాను.